హైదరాబాద్ నుంచి అమెరికా: టికెట్ కొనే ముందు, పెట్టె సర్దే ముందు

మధ్యలో విమానం మారి వెళ్తుంటే, ఆ రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే నాలుగు డబ్బులు మిగలొచ్చు కానీ, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే కొత్త టికెట్ ఖర్చు మీదే. పైగా మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే దాని వీసా కావాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ప్యారిస్ మీదుగా వెళ్లే టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య ప్రయాణం షెంగెన్ (ఒకే వీసా నడిచే యూరప్ దేశాల కూటమి) లోపలిదే కాబట్టి అమెరికా వీసా ఉన్నా చాలదు, షెంగెన్ వీసా అడుగుతారు. అమ్మానాన్నలను ఒంటరిగా పంపేటప్పుడు ఇలాంటివి వద్దే వద్దు.

షికాగోలో దిగి డల్లాస్ వెళ్లాలంటే, సాధారణంగా షికాగోలోనే ఇమిగ్రేషన్ ముగించి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. మూడు గంటలైనా వ్యవధి ఉంచండి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోవచ్చు. ఆ క్యూకీ సమయం కావాలి.

టికెట్‌పై పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరుతో సహా.

ఎకానమీలో పెట్టెకు 23 కిలోలు మామూలు. ఎన్ని పెట్టెలో టికెట్‌లోనే చూసుకోండి. ఒకటి 26, ఇంకొకటి 20 ఉంటే సగటు లెక్క ఒప్పుకోరు.

ఆవకాయ చెకిన్ పెట్టెలోనే. చేతిసంచిలో పెడితే ద్రవాలకు ఉన్న 100 మి.లీ. నిబంధన కింద సెక్యూరిటీలో తీసేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు నూనె వల్ల అంటుకునే ప్రమాదముందని చెకిన్‌లో ఆపేస్తారు. పవర్‌బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, 100 పరిమితి లోపే.