తార బొమ్మను విప్పి చూడటం ఎలా: ఒక ఫ్లెక్సీ డిజైనర్ పద్ధతి

పాలకొల్లులో ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నా వృత్తి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, వర్ధంతులు, సినిమా హీరోల పుట్టినరోజులు ఎప్పటినుంచో ఉన్నవే. ఈమధ్య ఇంటర్, డిగ్రీ పిల్లలు కొరియా బృందాల ఫోటోలు, అమెరికా గాయనుల ఫోటోలు తెచ్చి "అక్కా, మా గదికి పోస్టరు వేసివ్వండి" అంటున్నారు. ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. పరీక్ష పోయిన రోజున, ఇంట్లో మాట పడిన రోజున ఒక పాట తోడుండటం చిన్న విషయం కాదు. కానీ ఆ ఫోటో చూపించి "ఎంత మామూలుగా ఉన్నాడో చూడండి" అన్నప్పుడు మాత్రం ఊరుకోలేను. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి స్క్రీను మీద చూపిస్తాను. మామూలుగా కనిపించడానికి ఎంత పని జరిగిందో తెలిస్తే ఆ పని చేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. మన డబ్బు ఎటు పోతోందో కూడా తెలుస్తుంది. చేతిలో ఫోను, ఒక నోటుపుస్తకం ఉంటే మీరూ చేయవచ్చు.

ముందు కంటిపాపలోకి చూడండి

మీకు ఇష్టమైన తార ఫోటో ఒకటి తీసుకోండి. అభిమానులు తీసినది వద్దు, కంపెనీ విడుదల చేసినదే కావాలి. రెండు వేళ్లతో పెద్దది చేసి కంటి దగ్గర ఆపండి. నల్లగుడ్డు మీద తెల్లటి మెరుపు కనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు ఎదురుగా వెలిగిన దీపం ప్రతిబింబం అది. గుండ్రటి వలయంలా ఉంటే రింగ్ లైటు. నలుచదరంగా ఉంటే తెల్లగుడ్డ కప్పిన పెట్టె దీపం, లేదా ఒక్కోసారి కిటికీ. పైన ఒక మెరుపు, కింద ఇంకొకటి ఉంటే గడ్డం కింద నీడ పడకుండా రెండో దీపమో తెల్ల అట్టో పెట్టారన్నమాట. "ఇప్పుడే నిద్ర లేచాను" అనే కబురుతో వచ్చిన ఫోటోలో ఇలా పైనా కిందా మెరుపులుంటే, ఆ నిద్ర లేవడానికి ముందే అక్కడ దీపాలు సర్దారని అనుకోవచ్చు.

కన్ను అయ్యాక చెంప మీదకు, అక్కణ్నుంచి మెడ మీదకు, చేతుల మీదకు రండి. ముఖాన్ని నున్నగా చేసి చేతులను మరిచిపోవడం చేయి తిరగని పని. పెద్ద సంస్థల దగ్గర పనిచేసేవాళ్లు మోచేతి ముడతను కూడా చూసుకుంటారు, పైగా చెంప మీద కొన్ని సన్నటి రంధ్రాలను కావాలనే ఉంచుతారు. అన్నీ తీసేస్తే మైనపు బొమ్మ అవుతుందని వాళ్లకు తెలుసు. పెళ్లికూతురి ఫోటోలో నేనూ మొటిమ తీసేస్తాను, పుట్టుమచ్చ మాత్రం ముట్టుకోను. పుట్టుమచ్చ ఆ అమ్మాయిది, మొటిమ ఆ వారానిది. తార బొమ్మ తయారీ అంతా ఈ నిర్ణయం మీదే నడుస్తుంది: మనిషిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? పెళ్లి ఫోటో అయితే పెళ్లికూతురే నా పక్కన కూర్చుని చెబుతుంది. తార విషయంలో ఆ మాట మేనేజరు, పాటల కంపెనీ, బట్టలు ఎంచేవాళ్లు, ప్రచారం చూసేవాళ్లు కలిసి చెబుతారు. ఆ బల్ల దగ్గర తారకు ఎంత చోటు ఉందన్నది ఒక్కొక్కరి విషయంలో ఒక్కోలా ఉంటుంది.

ఏది మళ్లీ మళ్లీ వస్తోందో రాసుకోండి

ఒకే తారవి వేర్వేరు సమయాల ఫోటోలు ఓ పది పక్కపక్కన పెట్టండి. పదింటిలోనూ ఉన్నదేమిటో నోటుపుస్తకంలో రాయండి: రంగు, జుట్టు, టోపీ, నిలబడే తీరు. నర్సాపురం బస్సులో కూర్చున్న మనిషికి రోడ్డు పక్క ఫ్లెక్సీ కనిపించేది రెప్పపాటు. అంతలోనే ఎవరిదో తెలియాలి. అందుకే మేము ఒక్క గుర్తును పట్టుకుంటాం. 1983లో మైకేల్ జాక్సన్ ఒక టీవీ కార్యక్రమంలో ఒకే చేతికి తెల్లటి మెరుపుల గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. ఆ తరువాత ముఖం లేకుండా గ్లవ్ బొమ్మ ఒక్కటి వేసినా ఎవరిదో జనానికి తెలిసేది.

బృందమైతే గుర్తులు పంచుతారు. ఇంగ్లండులో స్పైస్ గర్ల్స్‌ను 1994లో పత్రికా ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి ఎంచుకున్నారు. ఒకరు ఆటల పిల్ల, ఒకరు చంటిపిల్ల, ఒకరు దర్జా పిల్ల అన్నట్టుగా ఐదుగురికీ అతికిన ముద్దుపేర్లు మాత్రం కంపెనీ పెట్టినవి కావు. 1996లో ఒక సంగీత పత్రిక పెట్టింది. అవి జనానికి నచ్చాయి, వాళ్లూ ఉంచేసుకున్నారు. ఐదు రకాలు ఉంటే వినే ప్రతి అమ్మాయికీ "నేను ఈమెలా ఉంటాను" అనుకునే వీలు దొరుకుతుంది. కొరియా బృందాల్లో ఒకరు నాయకుడు, ఒకరు అందరికన్నా చిన్నవాడు, ఒకరు నాట్యంలో దిట్ట అని పంచడంలోనూ ఇదే లెక్క ఉంది. ఆ పాత్రలు పైకి రాకముందే ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది. 1995లో లీ సూ మాన్ స్థాపించిన కొరియా పాటల కంపెనీ ఎస్ఎం ఈ శిక్షణను ఒక పద్ధతిగా స్థిరపరచిన వాటిలో ముఖ్యమైనది.

ఈ పని కొరియాలో మొదలవలేదు. ఇంగ్లండు బృందం బీటిల్స్ కుర్రాళ్లు మొదట్లో తోలు జాకెట్లతో పాడుకుంటూ ఉండేవారు. 1962లో మేనేజరుగా వచ్చిన బ్రయాన్ ఎప్‌స్టీన్ వాళ్లకు సూట్లు తొడిగించి, పాట అయ్యాక నలుగురూ ఒక్కసారిగా వంగి నమస్కరించడం అలవాటు చేశాడు. నాకు వీటన్నిటికన్నా ఎక్కువ గౌరవం ఉన్నది మోటౌన్ మీద. 1959లో డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ మొదలుపెట్టిన పాటల కంపెనీ అది. అక్కడ మాక్సీన్ పవెల్ అనే ఆవిడ గాయనీ గాయకులకు నడక, కూర్చునే తీరు, నలుగురిలో మాట్లాడే పద్ధతి నేర్పేవారు. నాట్యం అడుగులు చోలీ అట్కిన్స్ నేర్పేవాడు. పేద ఇళ్ల నుంచి వచ్చిన నల్లజాతి పిల్లలకు తలుపులు మూసి ఉన్న రోజులవి. ఏ తెల్లవాళ్ల హోటల్లో పాడినా, ఏ టీవీలో కనిపించినా వేలెత్తి చూపే వీలు ఇవ్వకూడదని ఆ తర్ఫీదు. నిలువుటద్దాల ముందు కష్టపడి నేర్చుకున్న ఆ హుందాతనం మోటౌన్ గాయనుల బృందం సుప్రీమ్స్ పాత వీడియోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని పూత అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మన దేశంలో చూడాలంటే పంజాబీ గాయకుడు దలేర్ మెహందీ 1998 నాటి వీడియో చూడండి. అతని వీడియోలు అందమైన అమ్మాయిల వల్లే నడుస్తున్నాయన్న విమర్శ వచ్చింది. దాంతో అమ్మాయిలెవరూ లేకుండా, కంప్యూటర్ సాయంతో తన బొమ్మలే నాలుగు పెట్టి పాట మొత్తం నడిపించాడు. విమర్శనే గుర్తుగా మార్చుకున్న ఆ ధైర్యం నాకు ఎంతో ఇష్టం.

గొంతు ఎవరిది, ముఖం ఎవరిది

దీన్ని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మనకు ఇది కొత్త కాదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ముఖాలకు ఘంటసాల గొంతు దశాబ్దాల పాటు నడిచింది. ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే రికార్డు మీద ఘంటసాల పేరు ఉండేది. 1990లో మిల్లీ వనిల్లీ అనే పాప్ జంటకు ఇచ్చిన గ్రామీ అనే అమెరికా సంగీత పురస్కారాన్ని అదే ఏడాది వెనక్కి తీసుకున్నది మాత్రం వేరే కారణానికి: ఆల్బంలో పాడినవాళ్లు వేరేవాళ్లని దాచిపెట్టారు. కాబట్టి పాట కింద ఇచ్చే వివరాలు తెరిచి పాడినవారు, రాసినవారు, నిర్మించినవారు ఎవరో చదవండి. "నా సొంత బాధ నేనే రాసుకున్నాను" అని ఇంటర్వ్యూలో చెప్పిన పాటకు ఐదారుగురు రచయితలుంటే అబద్ధమని కొట్టిపారేయకండి. ఆ బాధకు పాట రూపం ఇచ్చినవాళ్ల పేర్లూ మీకు తెలిశాయి, అంతే.

నెల రోజులు తేదీలు వేయండి

నోటుపుస్తకంలో ఒక పేజీకి రెండు గళ్లు గీయండి. ఎడమవైపు తార గురించి వచ్చిన వార్త, కుడివైపు ఆ సమయానికి అమ్మకానికి వచ్చినది. విమానాశ్రయంలో అనుకోకుండా దొరికినట్టున్న ఫోటో, కన్నీళ్లు పెట్టుకున్న ఇంటర్వ్యూ, ఎవరితోనో స్నేహమన్న పుకారు, ఇవన్నీ ఎడమవైపు. ఆల్బం, టికెట్లు, సెంటు సీసా, బట్టల ప్రకటన కుడివైపు. మా అక్క కూతురి చేత రాయించినప్పుడు ఆ గళ్లు చాలాచోట్ల ఒకదాని పక్కకు ఒకటి వచ్చి చేరాయి. అన్నీ పథకమే అని దీనర్థం కాదు. నిజంగా ఏడ్చి ఉండవచ్చు. ఆ ఏడుపు ఏ రోజున మన ఫోనుకు చేరాలన్నది మాత్రం ఎవరో ఒకరు నిర్ణయించి ఉంటారు.

ప్రచారం లేకపోవడం కూడా ప్రచారమే అవుతుంది. అమెరికా గాయని బియాన్సే 2013 డిసెంబరు 13న ముందస్తు కబురేమీ లేకుండా ఒక ఆల్బం మొత్తం వీడియోలతో సహా విడుదల చేసింది. జనమే ఒకరికొకరు చెప్పుకొన్నారు. అంత పేరు అప్పటికే ఉంటే తప్ప అలాంటి మౌనం పనిచేయదు. కొత్తగా పాడేవాళ్లు దీన్ని అనుకరించవద్దు.

అంకెల దగ్గర కూడా ఆగి చూడండి. 2019లో ఒక భారతీయ ర్యాప్ పాటకు 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని చాటారు. అందులో డబ్బు పెట్టి వేయించిన ప్రకటనల వాటా ఉందని వార్తలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో యూట్యూబ్ తన 24 గంటల రికార్డులకు ప్రకటనల ద్వారా వచ్చే వ్యూస్ లెక్కించబోమని ప్రకటించింది. ఇక మన దేశంలో సామాజిక మాధ్యమాల్లో డబ్బు తీసుకుని వస్తువును పొగిడేవాళ్లు అది ప్రకటన అని చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు తెచ్చింది. తార పెట్టిన పోస్టులో ఆ ముక్క ఉందేమో వెతకండి. ఒక్కోసారి చివర, చిన్న అక్షరాల్లో దొరుకుతుంది.

మీ చేతికి ఏ పని ఇచ్చారో చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. మా దగ్గరకు వచ్చే హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ ఎలా ఉంటుందో మీకు తెలుసు: మధ్యలో హీరో నిలువెత్తు బొమ్మ, కింద వరసగా కుర్రాళ్ల చిన్న చిన్న ముఖాలు, వాటి కింద పేర్లు. ఖర్చు ఆ కింది వరస వాళ్లది. సరుగుడు కర్రలు తెచ్చి, చట్రం కొట్టి, తెల్లవారేలోగా సెంటర్లో నిలబెట్టేదీ వాళ్లే. కొరియా రాజధాని సియోల్‌లో అభిమానులు చందాలు వేసుకుని తమ గాయకుడి పుట్టినరోజుకు మెట్రో స్టేషన్లలో ప్రకటనలు పెట్టిస్తారు. మన సెంటర్లో జరిగేదే అక్కడా జరుగుతోంది. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకు ప్రభ వెళ్లడం చూశారా? వెదురు చీల్చి కట్టినవాళ్లు కొందరే, చేలకూ కాలువకూ అడ్డంపడి భుజాల మీద మోసేది ఊరంతా. తార బొమ్మ కూడా మోసేవాళ్లు లేనిదే కదలదు. అందుకని నేటి కంపెనీలు బొమ్మ తయారు చేయడంతో ఆపకుండా, మోయడానికి మనకు ఒక చోటు ముందే సిద్ధం చేస్తున్నాయి.

ఆ చోటు ఎక్కడుందో వెతకండి. కొరియా బృందం బీటీఎస్ 2013 జూన్‌లో రంగప్రవేశం చేస్తే, నెల తిరగకముందే అభిమానులకు ఆర్మీ అని పేరు వచ్చేసింది. పేరు ఉంటే సభ్యత్వం, సభ్యత్వం ఉంటే బాధ్యత. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ వీడియోల్లో దాచే సూచనలను విప్పడం అభిమానులకు ఒక పని. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా సాగిన ఆమె 149 కచేరీల యాత్రలో పూసల గాజులు గుచ్చి తెచ్చి పక్కవాళ్లతో మార్చుకోవడం ఇంకొకటి. ఇందులో నిజమైన ఆనందం ఉంది, దాన్ని కాదనను. ఎవరూ తెలియని ఊళ్లో ఆ గాజు వల్ల ఒక స్నేహం కుదిరితే మంచిదే.

డబ్బు కలిసే చోట మాత్రం నిదానించండి. కొరియా ఆల్బంలో ఫోటోకార్డు, అంటే బృందంలో ఒకరి ముఖం ఉన్న చిన్న అట్ట, ఏది వస్తుందో కవరు విప్పేదాకా తెలియదు. తాము కోరిన ముఖం రాలేదని పిల్లలు అదే ఆల్బం మళ్లీ కొంటారు. సంతకాల కార్యక్రమానికి అవకాశం కూడా చాలాసార్లు ఆల్బం కొన్నవాళ్ల నుంచి లాటరీ తీసి ఇస్తారు, అంటే ఎన్ని ఎక్కువ కొంటే అన్ని చీట్లు. అందుకే కొనేముందు మూడు సంగతులు రాసుకోండి. ఈ ఆల్బం ఎన్ని రకాల పై అట్టలతో వచ్చింది, అన్నిటిలోనూ పాటలు ఒకటేనా? రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే చేతికి వచ్చేసరికి ఎంత పడుతుంది? కోరిన కార్డు రాకపోతే ఎవరితో మార్చుకోవచ్చు? నలుగురైదుగురు కలిసి తెప్పించుకునేటప్పుడు డబ్బు ఒకరి చేతికి ఇచ్చేముందు ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరికి ఏ ముఖం కావాలో కాగితం మీద రాసి అందరి ఫోన్లలో ఫోటో తీసి ఉంచండి. పెట్టె వచ్చాక అందరూ ఉన్నప్పుడే విప్పండి. కార్డుల పంపకం అక్కడికక్కడే తేల్చుకోండి.