ఫాంటసీ నవల రాద్దాం – 7వ పాఠం: పుస్తకంలో మ్యాపు వేయాలా?

పోయిన పాఠంలో మీ రాజ్యానికి నదులు, కొండలు, కోటలు పెట్టుకున్నారు. ఈపాటికి చాలామంది పెన్సిలుతో మ్యాపు గీసుకునే ఉంటారు. మంచిదే, రాసేవాళ్ల దగ్గర అది ఉండి తీరాలి. దాన్ని పుస్తకంలో అచ్చు వేయాలా వద్దా అనేదే ఈ వారం తేల్చుకుందాం.

మా పిన్ని నెల్లూరు నుంచి మొదటిసారి చెన్నై వచ్చినప్పుడు నేను ఫోన్‌లో ఒకటే చెప్పాను: "సెంట్రల్‌లో మెట్రో ఎక్కు పిన్నీ, మారక్కర్లేదు, వడపళనిలో దిగు, నేనుంటా." హాయిగా వచ్చేసింది. మర్నాడు మాత్రం టి.నగర్‌లో చీరలు, మైలాపూర్‌లో కపాలీశ్వరుడి దర్శనం, తాంబరంలో బంధువులు, అన్నీ ఒక్కరోజులో కావాలంది. "ఏది ఏ పక్క? ముందు ఎక్కడికి వెళ్తే మంచిది?" అని అడిగింది. అప్పుడు క్యాలెండర్ కాగితం వెనక నాలుగు గీతలు గీసి చూపించాల్సి వచ్చింది.

మీ నవల ఈ రెండు రోజుల్లో దేనిలా ఉందో చూడండి. నాయకుడు ఒకే దారిన మజిలీ తర్వాత మజిలీ పోతుంటే పాఠకుడికి మ్యాపుతో పని లేదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రను అలా ఊరు తర్వాత ఊరుగానే రాశారు, చదువుతుంటే మనమూ వెంట నడుస్తాం. అదే మూడు సేనలు మూడు వైపుల నుంచి ఒక కోట మీదికి వస్తున్నాయనుకోండి. కనుమ దారిన పోతే రెండు రోజులు, నది దాటితే ఒక రోజు, కానీ వంతెన శత్రువు చేతిలో ఉంది. రాణి ఏ దారి ఎంచుకుంటుందా అని పాఠకుడు టెన్షన్ పడాలంటే దూరాలు అతని కళ్ల ముందుండాలి. అక్కడ మ్యాపు వేయండి.

వేసేముందు ఇంకొకటి ఆలోచించండి. కిష్కింధకాండలో వానరులను నాలుగు దిక్కులకూ పంపుతూ సుగ్రీవుడు దారులన్నీ నోటితోనే చెబుతాడు. భూమి అంతా నీకెలా తెలుసని రాముడు అడిగితే, వాలి తరుముతుంటే ప్రాణభయంతో తిరిగానంటాడు. ఆ దారుల వెనక ఎంత దుఃఖం ఉందో ఆ ఒక్క జవాబులో తెలిసిపోతుంది. మీ కథలోనూ అలా దారి చెప్పగల పాత్ర ఉంటే, దయచేసి ఆ పని బొమ్మకు అప్పజెప్పకండి.

అచ్చు సంగతి. తెలుగు అక్షరాలను చిన్న సైజులో వేస్తే ఒత్తులు అలుక్కుపోతాయి, అందుకే కథలో నిజంగా వచ్చే పేర్లే పెట్టండి. రెండు పేజీల మీద పరిస్తే మధ్యలో ఉన్న ఊరు బైండింగులోకి పోతుంది. ఫోన్‌లో చదివేవాళ్లు వెనక్కి వెళ్లి మ్యాపు చూసి రావడం కూడా కష్టమే. పదిహేనో అధ్యాయంలో బయటపడాల్సిన రహస్య గుహను మొదటి పేజీలోనే చూపించేయకండి.

ఈ వారం అభ్యాసం. 'ట్రెజర్ ఐలాండ్'కు స్టీవెన్‌సన్ ముందు మ్యాపు గీసి, తర్వాతే కథ రాశాడు. పుస్తకానికని పంపిన ఆ మ్యాపు పోయింది. తన కథలో దూరాలు, దిక్కులు చెప్పిన వాక్యాలన్నీ ఏరుకుని, వృత్తలేఖినితో కొలుచుకుంటూ కొత్తది గీయాల్సి వచ్చింది. మీరూ మీ మ్యాపును పెట్టెలో పెట్టేసి, రాసిన అధ్యాయాల నుంచే మళ్లీ గీయండి. పాతదానితో తేడా వచ్చిన చోట ముందుగా మీ వాక్యాన్ని సరిచేయండి.

తర్వాత మ్యాపు ఇవ్వకుండా ఒక స్నేహితురాలికి ఆ అధ్యాయాలు చదివి వినిపించండి. "అది ఎటువైపు?" అని ఆమె ఆపిన ప్రతిచోటా మార్జిన్‌లో చుక్క పెట్టండి. చుక్కలు, కొత్త మ్యాపు పక్కన పెట్టుకుని 8వ పాఠం తెరవండి.