వండర్‌లానా, రామోజీ ఫిల్మ్ సిటీనా? టికెట్ ఖర్చు పోల్చి చూడటం ఎలా

దసరా సెలవులకు పిల్లలతో హైదరాబాద్ వచ్చేవాళ్లు చాలామంది రైడ్‌లుండే పార్కు వండర్‌లా, సినిమా సెట్లు చూపించే రామోజీ ఫిల్మ్ సిటీ, ఈ రెండు వెబ్‌సైట్లూ తెరిచి, టికెట్ తక్కువున్న చోట బుక్ చేసేస్తారు. అలా చేయకండి. ఇంటిల్లిపాదికీ ఆ రోజు మొత్తం ఎంతవుతుంది, ఆ డబ్బుకు ఎవరెవరికి ఏం దక్కుతుంది అన్నది చూడాలి.

1. ముందు టేపు తీసి పిల్లల ఎత్తు కొలవండి. వండర్‌లాలో పిల్లల టికెట్‌కు వయసు కాదు, ఎత్తే లెక్క. 85 సెం.మీ. లోపు ఉచితం, 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పొడవుగా ఎదిగిన పదేళ్ల బాబుకు పెద్దల టికెట్టే పడుతుంది, కానీ వాడు పెద్ద రైడ్‌లు ఎక్కుతాడు కాబట్టి డబ్బుకు న్యాయం జరుగుతుంది. చిన్న పాపకు ఆ అవకాశం ఉండదు, పైగా ఆమెతో పెద్దవాళ్లొకరు ఆగిపోవాలి.

గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు థ్రిల్ రైడ్‌లు ఎక్కకూడదు. నాయనమ్మ, తాతయ్య కూడా వస్తుంటే నేనైతే రామోజీ వైపే మొగ్గుతాను. అక్కడ బస్సులో సెట్లు చూపిస్తారు, షోలు, తోటలు, పక్షుల పార్కు ఉంటాయి. వండర్‌లాలో వాళ్లను రోజంతా బెంచీ మీద కూర్చోబెట్టడానికి టికెట్ కొనడం నాకు నచ్చదు. అయితే రామోజీలో ఎండలో నడక తప్పదు, గొడుగు పెట్టుకోండి.

2. మొత్తం ఖర్చు ఒక కాగితం మీద వేయండి. చూపించిన ధరలో జీఎస్టీ కలిసిందా? ప్యాకేజీలో భోజనం ఉందా? పార్కింగ్, లాకర్ ఎంత? వండర్‌లా నీటి రైడ్‌లకు నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలి, ఇంటి నుంచే తీసుకెళ్తే అక్కడ కొనే పని ఉండదు. దారి ఖర్చు కూడా చిన్నదేం కాదు. రామోజీ విజయవాడ హైవే మీదే ఉంది, అటునుంచి కారులో వచ్చేవాళ్లకు ఊళ్లోకి రాకముందే తగులుతుంది. వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన.

ఉదాహరణకు నలుగురికి ఒకచోట టికెట్లు 5,000, తిండి 1,500, క్యాబ్ 1,600, లాకర్ 300 అనుకుందాం. మొత్తం 8,400. ఇంకోచోట లంచ్‌తో కలిపి ప్యాకేజీ 6,500, క్యాబ్ 1,000 అయితే 7,500. టికెట్ ఎక్కువున్న చోటే ఖర్చు తగ్గింది.

3. రోజు మార్చి చూడండి. శని, ఆదివారాల కంటే మామూలు రోజుల్లో వండర్‌లా ధర తక్కువ, క్యూలూ చిన్నవి. రద్దీ రోజున క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ తీసుకోవచ్చు, కానీ దానికి చాలా ఎక్కువ కట్టాలి. మంగళవారమో బుధవారమో వెళ్లగలిగితే ఆ డబ్బు మీ జేబులోనే ఉంటుంది. స్టూడెంట్ ఐడీ, ముందస్తు బుకింగ్ ఆఫర్లు ఉన్నాయేమో చూడండి. ఒరిజినల్ కార్డు వెంట ఉండాలి.

4. డబ్బు కట్టే ముందు తేదీ మార్చుకునే వీలుందో లేదో చదవండి. పిల్లలకు సరిగ్గా ముందురోజే జ్వరం రావచ్చు. ఆ వీలున్న టికెట్‌కు వంద, రెండు వందలు ఎక్కువైనా నేను అదే తీసుకుంటాను.