జీను వేశాక మొరాయించే కుర్ర గుర్రం: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి

మూడేళ్ళ మార్వాడీ జాతి గుర్రాన్ని కొని తెచ్చిన నెలలోపే "ఇది మొండి ఘటం సార్" అనే మాట సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) నోట వస్తుంది. దాన్ని వెంటనే నమ్మేయకండి. ముందు నొప్పి ఉందేమో చూడాలి, తర్వాత భయం, ఆ తర్వాత మనం చెప్పింది దానికి అర్థమైందో లేదో. ఈ మూడూ కాదని తేలాకే మొండితనం సంగతి. అంతదాకా వెళ్ళే గుర్రాలు చాలా తక్కువ.

వయసు సంగతి కూడా మరవొద్దు. గుర్రం ఎముకలు కింది నుంచి పైకి ముదురుతాయి. డెక్కల దగ్గరివి ముందు, వెన్నుపూసలు చివరన, దాదాపు ఐదారేళ్ళకు. మనం కూర్చునేది ఆ వెన్ను మీదే. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 350 కిలోల గుర్రానికి 70 కిలోలన్నమాట. అది పెద్ద గుర్రానికి లెక్క, కుర్రదానికి ఇంకా తగ్గించాలి.

గర్త్ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కొరకబోతుంది

చాలాసార్లు తప్పు బిగించే చేతిదే. పొట్ట కింది పట్టీని ఒక్క గుంజుతో నాలుగు రంధ్రాలు లాగేస్తే ఏ గుర్రమైనా ఊపిరి బిగబడుతుంది. ఒక రంధ్రం బిగించండి, ఒక చుట్టు నడిపించండి, ఇంకో రంధ్రం బిగించండి. మోచేతి వెనక చర్మం ఒరిసిపోయిందేమో వేళ్ళతో తడిమి చూడండి.

అలా వారాల పాటు చేసినా తీరు మారకపోతే కడుపులో పుండ్లున్నాయేమో అనుమానించాలి. గుర్రం కడుపులో తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి గడ్డి లేకుండా కట్టేసి, రెండు పూటలా దాణా మాత్రమే పోసే చోట ఈ జబ్బు ఎక్కువ. పనికి ముందు కాస్త ఎండుగడ్డి తిననివ్వండి. ఖాయంగా తెలియాలంటే డాక్టరు ఎండోస్కోపీ చేయాల్సిందే.

ఎక్కబోతే నిలవదు

కింద నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కితే జీను ఒకవైపుకి ఒరిగి, భుజాల మధ్య ఎముకను నొక్కుతుంది. అందుకే గుర్రం జరిగిపోతుంది. ఎత్తు పీట వాడండి. మొదట పీట పక్కన ఊరికే నిలబెట్టి తట్టండి. ఇంకోరోజు వీపు మీద వాలి దిగిపోండి. కూర్చోవడం ఆ తర్వాత.

రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి గుర్రం అయితే కథ వేరు. అక్కడ గుర్రం నడుస్తుండగానే జాకీని కాలు పట్టి పైకి ఎత్తేస్తారు. నిలబడాలని దానికి ఎవరూ నేర్పలేదు. పగ్గాలు బిగిస్తే ఆగాలని కూడా తెలియదు, అక్కడ వాటి మీద వాలి ఇంకా జోరుగా పరుగెత్తడమే అలవాటు. మలక్‌పేట రేసుకోర్సు నుంచి బయటికొచ్చిన గుర్రాన్ని కొన్నవారు "ఎంత లాగినా ఆగట్లేదు" అనడం ఇందుకే. లాగకండి. చేతులు వదులు చేసి పెద్ద వలయంలోకి తిప్పండి, దానంతటదే నెమ్మదిస్తుంది.

ఎక్కాక అడుగు వేయదు

మడమతో పొడవకండి. పక్కటెముకల మీద కాలు ఆనితే ముందుకు కదలాలని దానికింకా తెలియదు. తాడుతో చుట్టూ తిప్పేటప్పుడు నేర్చుకున్న మాట ఉంటుంది కదా, "చల్" కానీ మరొకటి కానీ, దాన్నే వాడండి. కాలు మెల్లగా ఆనించి, వెంటనే ఆ మాట అనండి. కింద ఉన్న మనిషి రెండడుగులు నడిపించాలి. కదిలిన క్షణమే కాలు వదులు. మీకు తెలియకుండానే పగ్గాలు పట్టి ఆపుతున్నారేమో కూడా చూసుకోండి. కొత్తగా ఎక్కేవారి టెన్షనంతా చేతుల్లోకి వచ్చేస్తుంది.

వీపు ఉబ్బించి, వెనక కాళ్ళు ఎగరేస్తుంది

ఇక్కడ తొందరపడితే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. ముందు జీను చూడండి. పని అయ్యాక జీను తీసి, వీపు తుడవకముందే వెలుతురులో నిలబెట్టండి. చెమట రెండు పక్కలా సమానంగా పట్టి ఉండాలి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేతి మేర పొడి మచ్చ కనిపిస్తే జీను అక్కడ గట్టిగా నొక్కుతోందని అనుమానించండి. అదే చోట తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే పాత దెబ్బ, అమ్మినవాడు చెప్పి ఉండడు. తర్వాత వెన్నుకు రెండు వైపులా వేళ్ళతో కాస్త గట్టిగా నొక్కుతూ వెళ్ళండి. వీపు కిందికి దించినా, చర్మం జలదరించినా నొప్పి ఉన్నట్టే. కుర్ర గుర్రం వీపు ఆకారం నెలల్లోనే మారిపోతుంది. ఉగాదికి సరిపోయిన జీను దసరాకి సరిపోతుందన్న నమ్మకం లేదు.

వీపు బాగుంటే దాణా వైపు చూడండి. "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అన్నట్టు, రోజుకి అరగంట పని చేసే దానికి పందెపు గుర్రానికి పోసినంత ఉలవలు, ఓట్స్ పోస్తుంటారు. దాణా తగ్గించి గడ్డి పెంచండి. పగలు కాసేపు బయట వదలండి.

మూడో కారణం, నడక కుదరకముందే క్యాంటర్ (మెల్లని పరుగు) అడగడం. మీద మనిషితో బరువు సర్దుకోవడం రాక అది ఎగురుతుంది. మళ్ళీ నడకకీ, జోరు నడక అయిన ట్రాట్‌కీ వెళ్ళండి. వారాలు పట్టినా సరే.

తల విదిలిస్తుంది, కళ్ళేన్ని నములుతూనే ఉంటుంది

రెండున్నర నుంచి ఐదేళ్ళ మధ్య పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. దవడ పళ్ళకు ముందు చిన్న పన్ను ఒకటి ఉండి, కళ్ళెం ఇనుము దానికి తగులుతుండవచ్చు. జీను పని మొదలుపెట్టక ముందే డాక్టరుతో నోరు చూపించండి. కొన్ని చోట్ల గుర్రంతో పాటు ముళ్ళ కళ్ళెం కూడా అంటగడతారు. 1965 నాటి కేంద్ర నిబంధనలు దాన్ని నిషేధించాయి. అది పారేసి, నున్నటి, మధ్యలో కీలున్న స్నాఫిల్ రకం కళ్ళెం పెట్టండి.

ఎడమకి బాగానే తిరుగుతుంది, కుడికి కర్రలా బిగుసుకుంటుంది

మనలో కుడిచేతి వాటం ఉన్నట్టే. కష్టమైన వైపు చిన్న చిన్నగా చేయించండి, ఎక్కువసేపు కాదు. ఉన్నట్టుండి మొదలైతే మాత్రం కుంటు ఉందేమో చూడాలి.

పని ఆపాక కూడా రొప్పుతూనే ఉంది, ఒళ్ళు మాత్రం పొడిగా ఉంది

విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళకు పొడి ప్రాంతాల గుర్రాన్ని తెస్తే కొన్నిటికి చెమట పట్టడం ఆగిపోతుంది. ప్రాణం మీదికి వచ్చే జబ్బిది. వెంటనే నీడకి తీసుకెళ్ళి ఒళ్ళంతా చన్నీళ్ళు పోస్తూ ఉండండి, డాక్టరుకి ఫోన్ చేయండి. ఆరోగ్యంగా ఉన్నదానికైనా వేసవిలో పని తెల్లవారుజామునే, ఇరవై నిమిషాలకు మించకుండా.

ముంగాళ్ళు ఎత్తి నిలబడుతుంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే. వెనక్కి పడితే మనిషి దాని కింద ఉంటాడు. ఒకపక్క పొడుస్తూ, మరోపక్క పగ్గాలు లాగుతూ ఉంటే, ముందుకు దారి లేక అది పైకి లేస్తుంది. లేచినప్పుడు మెడ మీదికి వాలండి, పగ్గాలు వదిలేయండి. కాళ్ళు నేలకి ఆనగానే ముందుకు నడిపించండి. రెండోసారి లేస్తే దిగిపోండి. నోరు, పళ్ళు, వీపు డాక్టరు చూసి బాగున్నాయనేదాకా ఎవరినీ ఎక్కనివ్వొద్దు. ఆ తర్వాత కూడా మొదటి సవారీ అనుభవమున్న శిక్షకుడే చేయాలి.