థాయ్‌లాండ్ కొండ ఊళ్లకు వలంటీర్‌గా వెళ్తున్నారా?

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై, చియాంగ్ రాయ్, మే హాంగ్ సాన్ ప్రావిన్సుల కొండల మీద కరెన్, మోంగ్, లాహు, ఆఖా, లీసు, మియన్ తెగల ఊళ్లున్నాయి. పొద్దున సేంద్రియ పొలంలో పని, సాయంత్రం ఊరి పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు. ఇలాంటి వలంటీర్ కార్యక్రమాలు అక్కడ చాలానే నడుస్తాయి. వెళ్లేవాళ్లు సాధారణంగా అడిగేవి మూడే: ఏ టీకాలు వేయించుకోవాలి, పాములుంటాయా, నెట్ వస్తుందా. వాటి సంగతీ చెబుతాను. కానీ మన వల్ల ఆ పిల్లలకు ఏం ముప్పు అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే అక్కడే మొదలుపెడతాను.

ప్రకటనలో అనాథాశ్రమం అన్న మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. కొండ మీద చాలా ఊళ్లకు హైస్కూలు దగ్గర్లో ఉండదు. పిల్లలు కిందికి దిగి హాస్టళ్లలో ఉండి చదువుకోవడం అక్కడ మామూలే. వాళ్లకు అమ్మానాన్నలున్నారు, ఇల్లుంది. అలాంటి పిల్లల్నే విదేశీయుల ముందు అనాథలుగా నిలబెడితే విరాళాలు బాగా వస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న ప్రతి ఐదుగురు పిల్లల్లో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది. కాబట్టి నేరుగా అడగండి: ఈ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడున్నారు? ఎన్నాళ్లకోసారి ఇంటికి వెళ్తారు? నేను లేని రోజుల్లో పాఠం ఎవరు చెబుతారు? మూడో ప్రశ్నకు ‘మరో వలంటీర్’ అని జవాబొస్తే నేనైతే వెళ్లను. ఊరి టీచర్ పక్కన సాయంగా నిలబడే పని వెతుక్కుంటాను. మీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగని సంస్థ, మీకన్నా ముందు వచ్చినవాళ్లనూ అడిగి ఉండదు. అది గుర్తుపెట్టుకోండి.

ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా మూసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు. ‘నాకు చెడు ఉద్దేశం లేదు కదా’ అంటారు. లేదు, నిజమే. కానీ విదేశీయులతో ఒంటరిగా ఉండటం పిల్లలకు అలవాటైపోతే, ఆ అలవాటును తర్వాత ఇంకెవరో వాడుకుంటారు. ఫొటోల విషయమూ అంతే. మొహం, ఊరి పేరు, లొకేషన్ మూడూ కలిపి పోస్టు చేస్తే ఆ పిల్ల అడ్రసు మీరే పంచినట్టు. జలుబో దగ్గో ఉన్న రోజు క్లాసుకు వెళ్లకండి. ఆస్పత్రి ఊళ్లో ఉండదు, కొండ కింద ఉంటుంది.

మీకు తట్టని సంగతి ఇంకొకటుంది. 2018 జూన్ 23న చియాంగ్ రాయ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద నీటికి చిక్కుకున్న 12 మంది కుర్రాళ్లు, వాళ్ల కోచ్ గుర్తున్నారా? ఆ పన్నెండు మందిలో ముగ్గురికీ, కోచ్‌కీ అప్పటికి ఏ దేశ పౌరసత్వమూ లేదు. బయటపడ్డాక ఆ ఏడాది ఆగస్టులో థాయ్ పౌరసత్వం ఇచ్చారు. కొండ తెగల్లో, సరిహద్దు ఊళ్లలో ఇలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. సుమారు 4,83,000 మందికి పౌరసత్వం, శాశ్వత నివాసం త్వరగా దొరికే దారికి థాయ్ మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. కాగితాలు లేని పిల్లలు తమ ప్రాంతం దాటాలంటే అనుమతి తీసుకోవాలి, దారిలో చెక్‌పోస్టులూ ఉంటాయి. ‘పాపం, సిటీ చూడలేదు, ఆదివారం తీసుకెళ్తా’ అన్న మీ సరదా ఒక కుటుంబాన్ని చిక్కుల్లో పడేయొచ్చు. స్కూలు తీసుకెళ్తే సరే, మీరు సొంతంగా తీసుకెళ్లొద్దు. నీకు పౌరసత్వం ఉందా అని పిల్లల్ని అడగనూ వద్దు.

ఇక మీ కాగితాలు. జీతం లేదు కాబట్టి టూరిస్టుగా వెళ్లి పని చేయొచ్చని చాలామంది అనుకుంటారు. థాయ్ చట్టం అలా చూడదు. డబ్బు తీసుకోకపోయినా పని పనే. వలంటీర్లకు నాన్ ఇమిగ్రెంట్ ‘ఓ’ వీసా, దానిపైన వర్క్ పర్మిట్ కావాలి. అవి లేకుండా పట్టుబడితే 5,000 నుంచి 50,000 బాట్ దాకా జరిమానా పడుతుంది, తర్వాత వెనక్కి పంపేస్తారు. వీసాకు కావాల్సిన ఆహ్వాన పత్రం, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇవ్వాల్సింది అక్కడి సంస్థే. ‘ఎయిర్‌పోర్టులో టూరిస్టునని చెప్పండి చాలు’ అన్నారంటే ముప్పు మీ మీదికి నెట్టి వాళ్లు డబ్బు మిగుల్చుకుంటున్నారని అర్థం. 2025 మే నుంచి విమానం ఎక్కే ముందే ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. మీరు దిగిన ఇంటివాళ్లు 24 గంటల్లో మీ వివరాలు ఇమిగ్రేషన్‌కు తెలపాలి. వరసగా 90 రోజులు దాటి ఉంటే మీరూ రిపోర్ట్ చేయాలి.

ఎప్పుడు వెళ్లాలో కూడా ఆలోచించండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవి మంటలు, మొక్కజొన్న మోళ్లు కాల్చిన పొగ లోయల్లో పేరుకుపోతుంది. గాలిలో పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలికి దూరే సన్నని ధూళి, రోజు సగటున క్యూబిక్ మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. థాయ్ ప్రభుత్వం పెట్టుకున్న హద్దు 37.5. మార్చిలో చెడ్డ రోజుల్లో ఆ ధూళి వంద దాటుతుంది. ఆస్తమా ఉంటే ఆ నెలల్లో వెళ్లనే వద్దు. లేకపోయినా ఎన్95 మాస్కులు మూటలో వేసుకోండి, గుడ్డ మాస్కు పొగను ఆపదు. ఇక్కడొక మాట. కరెన్ రైతులు ఒక నేల చెక్క తర్వాత మరో నేల చెక్క మార్చుకుంటూ సాగు చేస్తారు. ఒక చెక్కలో పంట తీశాక ఏళ్ల తరబడి దాన్ని బీడుగా వదిలేస్తారు. ఆ బీడు మళ్లీ అడవిగా పెరుగుతుంది. వాళ్లు నిప్పు పెట్టే రోజులూ, పెట్టే పద్ధతీ వేరు. పొగ పాపమంతా వాళ్ల నెత్తిన రుద్ది, దిగిన మొదటి వారమే పర్యావరణ పాఠం మొదలుపెట్టకండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. నాట్లూ కలుపుతీతా ఆ రోజుల్లోనే కాబట్టి పొలంలో చేతులు కావాల్సిందీ అప్పుడే. కొండచరియలు విరిగితే దారి రోజుల తరబడి మూసుకుపోవచ్చు. 2024 సెప్టెంబరులో మయన్మార్ సరిహద్దులోని మే సాయ్ పట్టణాన్ని వరద, బురద ముంచేశాయి. వాన కురుస్తున్నప్పుడు గుహలు, జలపాతాల జోలికి పోవద్దు. చియాంగ్ రాయ్ మీదుగా పారే కోక్ నది ఒడ్డు ఊళ్లకు వెళ్తుంటే ఇంకో జాగ్రత్త: 2025లో ఆ నీటిలో ఆర్సెనిక్ హద్దు మీరి ఉందని థాయ్ కాలుష్య నియంత్రణ శాఖ పరీక్షల్లో తేలింది. ఆర్సెనిక్ మరిగిస్తే పోయేది కాదు. తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడిగి తెలుసుకోండి. డిసెంబరు, జనవరి హాయిగా ఉంటాయి గానీ కొండ మీద రాత్రిళ్లు వణికిస్తాయి, స్వెటర్ మర్చిపోకండి.

టీకాల కోసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవండి. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ ఎలాగూ చెబుతారు. వరి మడులూ పందులూ పక్కపక్కనే ఉండే ఊళ్లు కాబట్టి దోమల వల్ల వచ్చే మెదడువాపు జబ్బు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా గురించి మీరే గుర్తుచేయండి. నేను మాత్రం రేబిస్ టీకాకే పట్టుబడతాను. ముందుగా వారం తేడాతో రెండు డోసులు వేయించుకుంటే, తర్వాత కుక్క కరిచినా మరో రెండు డోసులతో సరిపోతుంది. ముందు వేయించుకోకపోతే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా కావాలి, అది చిన్న ఆస్పత్రిలో దొరక్కపోవచ్చు. కరిచిన వెంటనే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, టీకా వేయించుకున్నా సరే.

పొలం బురదలో ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జ్వరం, పొదల్లో కంటికి కనిపించని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకోండి, కాలికి గాయం ఉంటే మడిలోకి దిగకండి. జ్వరం వస్తే ‘పొలంలో పనిచేశాను’ అన్న ముక్క డాక్టర్‌కు ముందే చెప్పండి. ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో వెతకండి. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 1669కి ఫోన్ చేయాలి. సిగ్నల్ ఊళ్లో ఏ మలుపులో దొరుకుతుందో మొదటి రోజే తెలుసుకోండి.

విందుల్లో పచ్చి పంది మాంసంతో, పచ్చి రక్తంతో చేసిన వంటకాలు పెట్టొచ్చు. వాటిలో ఉండే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బాక్టీరియా మెదడు పొరలకు వాపు తెస్తుంది, మనిషి కోలుకున్నా చెవుడు మిగిలిపోవచ్చు. మొహమాటానికి పోకుండా ‘డాక్టర్ వద్దన్నారు’ అని తప్పుకోండి, ఉడికించినది అడిగి తినండి.

సేంద్రియ పొలం అంటే ప్రమాదం లేని పొలం కాదు. పురుగులకు చల్లే వుడ్ వినెగర్ (బొగ్గుబట్టీ పొగను చల్లార్చి తీసే ద్రావకం) చిక్కగా ఉన్నప్పుడు కళ్లలో పడితే మంటెక్కిపోతుంది. కలపడం వాళ్లు నేర్పాకే ముట్టుకోండి. పారాక్వాట్ అనే కలుపుమందును థాయ్‌లాండ్ 2020 జూన్ నుంచి నిషేధించింది గానీ మరో కలుపుమందు గ్లైఫోసేట్ వాడకం పరిమితులతో నడుస్తూనే ఉంది, పక్క చేలో కొడుతుంటే గాలి అటు నుంచి మీ వైపు వీచే చోట నిలబడొద్దు. రోజుకు ఎన్ని గంటల పనో ముందే రాతపూర్వకంగా అడగండి.

వీటన్నిటికన్నా నాకు భయం మోటార్‌సైకిలే. చియాంగ్ మై నుంచి మే హాంగ్ సాన్‌లోని పాయ్ పట్టణానికి వెళ్లే 1095 నంబరు రోడ్డులో 762 మలుపులున్నాయని అక్కడ టీషర్టుల మీద కూడా అచ్చేసి అమ్ముతారు. బైక్ నడపడానికి చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ లేకపోతే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వకపోవచ్చు. పాలసీలో ఆ షరతు చదవండి. సందేహముంటే సాంగ్‌తేవ్ (నలుగురితో కలిసి వెళ్లే పికప్ టాక్సీ) ఎక్కండి.

మర్యాదలు చాలావరకు చూసి నేర్చుకోవచ్చు, ఒకటి రెండు మాత్రం ముందే తెలియాలి. ఆఖా ఊరి ద్వారాన్ని తాకకూడదు, అది ఆత్మల హద్దు. పిల్లల తల నిమరకండి, తల పవిత్రం. రాజు గురించి జోకులు అసలే వద్దు, థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఈ-సిగరెట్ తీసుకెళ్లడమూ నేరమే.

మీరు తిరిగి వెళ్లే తేదీ మొదటి వారమే పిల్లలకు చెప్పండి, క్లాసు గోడ మీది క్యాలెండర్‌లో సున్నా చుట్టి చూపించండి. ‘మళ్లీ వస్తా’ అనకండి, టికెట్ చేతిలో ఉంటే తప్ప. ఏ పాఠం దాకా వచ్చారో ఒక నోటుబుక్కులో రాసి, ఆఖరి రోజు దాన్ని ఊరి టీచర్ చేతికివ్వండి.