బిడ్డ బరువు తగ్గిందా, తూకం తప్పిందా?

సమస్య: పోయిన నెల కన్నా బరువు తక్కువ చూపిస్తోంది

కంగారు పడకముందు మిషన్ చూడండి. గట్టి నేల మీద ఉందా, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందా, పోయినసారి డైపర్‌తో తూచి ఈసారి తీసేసి తూచారా? తడిసిన డైపర్, పొట్టనిండా పాలు, ఈ రెండు చాలు లెక్క మారిపోవడానికి. బట్టల్లేకుండా, ఎప్పుడూ అదే మిషన్ మీద, రెండుసార్లు తూచండి, రెండింటికీ 100 గ్రాములు దాటి తేడా ఉంటే మళ్లీ తూచాల్సిందే. పుట్టిన మొదటి రోజుల్లో కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా చాలామంది పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారు, 10 శాతం దాటి తగ్గితే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.

సమస్య: పొడవు తగ్గినట్టు వస్తోంది

పిల్లలు పొట్టిగా అయిపోరు కదండీ, కొలతే తప్పింది. మంచం మీద పడుకోబెట్టి టేపు పెడితే మోకాళ్లు ముడుచుకుంటారు, అక్కడే రెండు సెంటీమీటర్లు ఎగిరిపోతాయి. కొలిచే బోర్డు మీద ఒకరు తలని పైపలకకి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ల మీద మెల్లగా చెయ్యి వేసి కాళ్లు చాపించి అరికాళ్లకి కదిలే పలక ఆనించాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండేళ్ల లోపు పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి కొలుస్తాం, నిలబెడితే 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, అది ఎదుగుదల ఆగడం కాదు.

సమస్య: ఎదుగుదల చార్ట్‌లో (వయసుకి ఎంత బరువు, పొడవు ఉన్నారో చుక్కలు పెట్టే కాగితంలో) చుక్క బాగా కింద పడింది

అబ్బాయిల చార్టా అమ్మాయిలదా చూసుకోండి. నెలలు నిండకుండా పుట్టారా? 8 వారాలు ముందు పుట్టిన బిడ్డకి 6 నెలలు నిండితే 4 నెలల దగ్గర చుక్క పెట్టాలి, రెండేళ్ల దాకా ఇదే లెక్క.

సమస్య: బాగానే తింటోంది కానీ పెరగట్లేదు

మనం గిన్నెలో పెట్టింది లెక్కేస్తాం, లోపలికి పోయింది కాదు. గిన్నెని ముందూ తర్వాతా తూచండి, మూతికీ బిబ్‌కీ అంటింది, కింద పడింది కూడా తీసెయ్యండి, అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఒక రోజంతా, రాత్రి పాలతో సహా, రాసిపెట్టండి. 6 నుంచి 23 నెలల వాళ్లకి 8 రకాల్లో, అంటే తల్లిపాలు, ధాన్యాలు-దుంపలు, పప్పులు, పాల పదార్థాలు, మాంసం-చేపలు, గుడ్లు, విటమిన్ ఎ ఉన్న కూరలు-పండ్లు, మిగతా కూరలు-పండ్లు, వీటిలో రోజుకి కనీసం 5 పడాలి.

కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా చార్ట్‌లో చుక్కలు కలిపిన గీత కిందికే పోతుంటే ఆగొద్దు. 6 నుంచి 59 నెలల బిడ్డకి జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉన్నా, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే సొట్ట అలాగే ఉండిపోయినా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, బరువు బాగానే ఉంది కదా అనుకోవద్దు, వాపు నీరు కూడా తూకంలో పడుతుంది.