తైక్వాండో క్లబ్బులో చేరుతున్నారా? మొదటి నెల జాగ్రత్త

ఆరంభశూరత్వం చూడాలంటే, యూనివర్సిటీ తెరిచిన కొత్తలో తైక్వాండో క్లబ్బుకి వెళ్లి తెల్ల బెల్టుల వరస చూడండి. సీనియర్ ఒకరు గాల్లోకి లేచి చెక్క విరగ్గొట్టడం చూసి పేరు రాయించుకున్నవాళ్లే అందులో చాలామంది. నెల తిరిగేసరికి వరస పలచబడుతుంది. ఆసక్తి పోయి మానేసేవాళ్ల సంగతి వదిలేయండి. తొడ పట్టేసి, చీలమండ బెణికి, మోకాలు నొప్పి పుట్టి మానేసేవాళ్ల గురించే నా బాధ. వాళ్లను ఎవరూ కొట్టలేదు. తొందరపడి వాళ్లకు వాళ్లే దెబ్బ తగిలించుకున్నారు.

నేనూ ఆ బాపతే. మూడో క్లాసుకి ఆలస్యంగా వెళ్లి, వార్మప్ ఎగ్గొట్టి, పక్కవాడి కన్నా ఎత్తుగా తన్నాలని కాలు విసిరాను. తొడ వెనక ఏదో పుటుక్కుమన్నట్టయింది. తర్వాత మూడు వారాలు మెట్లు ఒక్కో కాలూ పెట్టుకుంటూ దిగాను.

చేరే ముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడండి. కొత్తవాళ్లకు విడిగా నేర్పుతున్నారా, మొదటి వారంలోనే స్పారింగ్‌లోకి (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనలోకి) తోస్తున్నారా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. ఏ పద్ధతి నేర్పుతారో కూడా అడగండి. 1966లో ఏర్పడిన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) పద్ధతి ఒకటి, 1973లో ఏర్పడి ఇప్పుడు వరల్డ్ తైక్వాండో అని పిలుస్తున్న సంస్థది మరొకటి. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాలు ఇస్తున్నది ఈ రెండో దానికే. ఇందులో ముఖం మీద పిడిగుద్దు నిషేధం. ఐటీఎఫ్ స్పారింగ్‌లో చేత్తో తలకు కొట్టవచ్చు. మీ ముఖం దేనికి సిద్ధపడాలో ముందే తెలియడం మంచిదే కదా.

ఆస్తమా, మూర్ఛ, గతంలో తలకు తగిలిన దెబ్బ, ఎప్పుడో జారిన మోకాలి చిప్ప ఉంటే మొదటి రోజే కోచ్‌కి చెప్పండి. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని లాకర్లో కాకుండా మ్యాట్ అంచున పెట్టుకోండి.

వార్మప్ అంటే నేల మీద కూర్చుని కాళ్లు చాపడం కాదు. ముందు ఒళ్లు వేడెక్కాలి. కాస్త పరుగు, మోకాళ్లు పైకెత్తడం, కాళ్లను ముందుకీ పక్కకీ ఊపడం, ఆ తర్వాతే తన్నడం. కదలకుండా సాగదీసే స్ట్రెచింగ్ క్లాసు చివర్లో చేసుకోవచ్చు. సీనియర్లు కాళ్లు రెండు వైపులా నేలకు ఆనించి కూర్చుంటే చూసి ఆనందించండి, అది ఏళ్ల సాధన. ఎవరైనా సాయం చేస్తానంటూ వెనక నుంచి మీ వీపునో మోకాళ్లనో కిందికి నొక్కబోతే, ఎంత సీనియర్ అయినా సరే, వద్దని చెప్పండి. గజ్జల్లో కండరం చిరిగితే మానడానికి చాలా రోజులు పడుతుంది.

ఇక అసలు విషయం, ఆనించిన కాలు. కొత్తవాళ్ల కళ్లన్నీ తన్నే కాలి మీదే ఉంటాయి, మోకాలు పాడయ్యేది మాత్రం నేల మీదున్న కాలికి. పక్క నుంచి తిప్పి తన్నే దొల్యో చాగీనే తీసుకోండి. నడుము తిరుగుతుంది, తన్నే కాలు తిరుగుతుంది. నేల మీది అరికాలు రబ్బరు మ్యాట్‌కి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఆ మెలిక అంతా ఎక్కడికి పోతుంది? మోకాలికి. అందుకే బరువు మునివేళ్ల కింది భాగం మీదకు తెచ్చి, మడమను కాస్త తేల్చి, కాలు లేపుతూనే పాదాన్ని తిప్పాలి. తన్ను పూర్తయ్యేసరికి మడమ ఎదుటివాడి వైపు చూస్తూ ఉండాలి. గోడ పట్టుకుని, నడుము ఎత్తుకు మించకుండా, నెమ్మదిగా రోజూ ఇరవై చేయండి. తల ఎత్తుకు తన్నడం ఎక్కడికీ పోదు.

కాలి వేళ్ల సంగతి ఇంకొకటి. ముందుకు తన్నే అప్ చాగీలో వేళ్లు వెనక్కి లాగి, వాటి కింది మెత్తతో కొట్టాలి. దొల్యో చాగీలో వేళ్లు ముందుకు చాపి మీగాలితో కొట్టాలి. ఈ రెండూ తారుమారైతే బొటనవేలు ప్యాడ్‌లో గుచ్చుకుంటుంది. ప్యాడ్ పట్టుకునే వంతు మీదైనప్పుడు దాన్ని ముఖానికి దూరంగా పట్టుకోండి, చూపు తన్నేవాళ్ల మీద ఉంచండి. కబుర్లు చెబుతూ ప్యాడ్ పట్టుకున్నవాళ్ల ముక్కులు పగలడం నేను చూశాను.

గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు, గొలుసులు, చెవి రింగులు తీసేయండి. అందరూ చెప్పులు లేకుండా తిరిగే మ్యాట్ మీద తామర, కాలివేళ్ల మధ్య ఫంగస్ తేలిగ్గా అంటుకుంటాయి. బాత్రూమ్‌కి ఒట్టి కాళ్లతో వెళ్లి మళ్లీ మ్యాట్ ఎక్కొద్దు. గాయం ఉంటే కప్పి రండి. చెమట పట్టిన డోబాక్‌ని (తైక్వాండో దుస్తులని) బ్యాగులో కుక్కి తర్వాతి క్లాసుకి అదే వేసుకొచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు, ఆ ఒక్కరు మీరు కాకండి.

స్పారింగ్ పిలుపు వచ్చేసరికి మూడు కొరియన్ మాటలు వచ్చి ఉండాలి. షిజాక్ అంటే మొదలు, కల్యో అంటే విడిపోండి, కుమాన్ అంటే ముగించండి. కల్యో అనగానే ఒకరు చేతులు దించేస్తారు, మాట తెలియని రెండోవారు తన్నేస్తారు. హెడ్‌గార్డ్, ఛాతీకి హోగు, ముంజేతులకు, కాలి ఎముకలకు, మీగాళ్లకు గార్డులు క్లబ్బువే వాడుకోవచ్చు. మౌత్‌గార్డ్, గజ్జల గార్డ్ మాత్రం సొంతవి కొనుక్కోండి. మీగాలికి గార్డ్ అనవసరం అనిపిస్తుంది గానీ, మీగాలు వెళ్లి ఎదుటివాళ్ల మోచేతికి తగలడం ఈ ఆటలో మామూలు దెబ్బ. రెండ్రోజులు బూటు పట్టదు. కాలు మోపలేనంత నొప్పి ఉంటే ఐస్‌తో సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించండి.

పోటీకి ముందు సీనియర్లు నీళ్లు మానేసి బరువు తగ్గించుకోవడం చూసి మీరు మొదలుపెట్టొద్దు.

తల విషయంలో మొహమాటం అస్సలు పనికిరాదు. మొండేనికి తగిలిన కిక్కు కన్నా తలకు తగిలినదానికి పాయింట్లు ఎక్కువ కాబట్టి తలకు తన్నాలని అందరికీ ఉంటుంది. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, బొప్పి కట్టకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు. దెబ్బ తగిలాక తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. బాగానే ఉన్నానన్న మీ మాటను మీరే నమ్మొద్దు. మళ్లీ స్పారింగ్ డాక్టర్ సరేనన్నాకే. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా పడుకోకుండా రూమ్మేట్‌కి జరిగింది చెప్పండి. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, లేపినా లేవలేని మగత, ఒక కంటి పాప పెద్దదవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని కూడా చెప్పి పడుకోండి.